టవర్ స్పీకర్లు: కొన్నవారి అభిప్రాయాలు

బల్ల, స్టాండు, షెల్ఫ్ ఏదీ అక్కర్లేకుండా నేల మీదే నిలబడే నిలువెత్తు స్పీకరు పెట్టెను టవర్ స్పీకర్ అంటారు. కంపెనీల కేటలాగుల్లో దీని పేరు ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్. స్టీరియో వినడానికి కుడికొకటి, ఎడమకొకటి జతగా కొంటారు. ఎత్తు మామూలుగా 90 నుంచి 120 సెంటీమీటర్లు. సోఫాలో కూర్చున్న మనిషి చెవికి సుమారు సరిసమానంగా, పై స్వరాలు పలికే ట్వీటర్ రావాలన్న లెక్క ఆ ఎత్తు వెనక ఉంది. ఒక్కో పెట్టె బరువు 15 కిలోల నుంచి 40 కిలోల దాకా, ఖరీదైన వాటిలో అంతకు మించి కూడా ఉంటుంది.

ఆంప్లిఫయర్ ఏ అలమరలోనో దాగిపోతుంది. టవర్లు అలా కాదు. హాల్లో కళ్ళెదుట నిలబడతాయి, దారికి అడ్డం వస్తాయి, పిల్లల చేతికి అందుతాయి, పదిహేను ఇరవై ఏళ్ళు ఇంట్లో ఒకరిలా ఉండిపోతాయి. అందుకే వాటి గురించి కొన్నవారు చెప్పే మాటల్లో ధ్వని ఒక్కటే ఉండదు. పెట్టిన డబ్బు, గది, ఇంట్లోవాళ్ళ ఇష్టాయిష్టాలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఆ మాటల్ని విడదీసి వినాలి. ‘ఇది ఫలానా దానికంటే బాగా పలుకుతుంది’ అన్న తీర్పు విషయంలో సొంతదారు బలహీనమైన సాక్షి. ప్రయోగాలు ఆ సంగతి తేల్చాయి. ఇరుకు గదిలో పెడితే ఏమైంది, రెండు గంటలు విన్నాక చెవికి ఎలా ఉంది, పదేళ్ళకు ఏ భాగం పాడైంది అన్న విషయాల్లో మాత్రం అతణ్ణి మించిన సాక్షి లేడు. పత్రికకు సమీక్ష రాసేవారికి ఆ పెట్టెలతో అన్నేళ్ళు గడిపే వీలుండదు.

పెట్టె పెద్దది ఎందుకు

స్పీకరు కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. మధ్యలో అడ్డు లేకపోతే కింది స్వరాల్లో ఈ రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఆ అడ్డు కోసమే పెట్టె. పైగా స్వరం ఒక స్థాయి కిందికి దిగితే, అంటే 80 హెర్ట్జ్ నుంచి 40కి వస్తే, అంతే బిగ్గరగా వినిపించడానికి కోను నాలుగు రెట్ల దూరం కదలాలి. కింది స్వరాలు పలికే కోనును వూఫర్ అంటారు; చిన్న వూఫర్‌కి అది సాధ్యం కాదు. అమెరికన్ ఇంజనీరు ఆంటన్ హాఫ్‌మన్ పేరుతో ఒక సూత్రం ప్రచారంలో ఉంది: చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ (తక్కువ వాట్లకే బిగ్గరగా పలకడం), ఈ మూడింటిలో రెండే దక్కుతాయి, మూడోది వదులుకోవాలి. టవర్ వదులుకునేది చిన్న పెట్టెను.

అయితే నేల మీద అది ఆక్రమించే చోటు అనుకున్నంత ఎక్కువ కాదు. బుక్‌షెల్ఫ్ స్పీకరును సరైన ఎత్తులో స్టాండు మీద నిలబెట్టినా దాదాపు అంతే చోటు పడుతుంది. స్టాండు కింద వృథాగా పోయే జాగాను టవర్ తన కడుపులో కలిపేసుకుంటుంది.

కొంచెం చరిత్ర

నేటి స్పీకర్లలో దాదాపు అన్నిటికీ మూలమైన కాయిల్-కోను నమూనాను జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో వివరించారు. పెట్టెకు రంధ్రం పెట్టి కోను వెనక వైపు ధ్వనిని కూడా బేస్‌కు పనికొచ్చేలా చేసే పద్ధతికి బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన ఆల్బర్ట్ థూరస్ 1932లో పేటెంటు పొందాడు. ఇవాళ మార్కెట్లో ఉన్న టవర్లలో చాలా వాటికి ఆ రంధ్రం, అంటే పోర్టు, ఉంటుంది. పోర్టు పొడవు ఎంత, పెట్టె ఎన్ని లీటర్లు అన్నది చాలాకాలం ఉజ్జాయింపుగానే సాగింది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో మొదలుపెట్టిన పనిని రిచర్డ్ స్మాల్ 1970ల్లో పూర్తిచేశాకే అది కాగితం మీద ముందుగా లెక్కగట్టగలిగే విద్య అయింది.

మోనో రోజుల్లో ఇంటికి ఒకే స్పీకరు చాలు కాబట్టి అది ఎంత పెద్దదైనా సర్దుకునేవారు. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం హోప్ పట్టణానికి చెందిన పాల్ క్లిప్ష్ 1946లో తెచ్చిన క్లిప్ష్‌హార్న్ గది మూలలో నిలబడి, అక్కడి రెండు గోడలనే తన భోంగాలో భాగంగా వాడుకుంటుంది. ఇప్పటికీ తయారవుతున్న ఆ స్పీకరుకు సొంతదారుల విధేయత అసాధారణమైనది. ఇల్లు మారేటప్పుడు మూలలు చూసి మరీ ఇల్లు వెతుక్కున్నవారు ఉన్నారు. 1954లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లోస్‌లు అకూస్టిక్ రీసెర్చ్ సంస్థ నుంచి ఏఆర్-1 తెచ్చారు. గాలి చొరని చిన్న పెట్టెలో బిగించిన గాలినే స్ప్రింగుగా వాడి లోతైన బేస్ రాబట్టారు. 1958లో స్టీరియో రికార్డులు బజారుకు వచ్చి ప్రతి ఇంటికీ రెండేసి స్పీకర్లు అవసరమయ్యేసరికి చిన్న పెట్టెలదే పైచేయి అయింది. అకూస్టిక్ రీసెర్చ్ సంస్థ ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే వాద్యబృందాన్ని వేదిక మీద కూర్చోబెట్టి, మధ్యమధ్య వాయిద్యాలు ఆపించి స్పీకర్లతో కొనసాగించి, ఎక్కడ మారిందో పోల్చుకోమని ప్రేక్షకులను అడిగేది.

బ్రిటన్‌లో బోవర్స్ అండ్ విల్కిన్స్ 1979లో తెచ్చిన 801 లండన్ అబీ రోడ్ స్టూడియోకు కూడా చేరింది. స్టూడియోలో వాడేదే ఇంట్లోనూ ఉండాలన్న కోరికకు అది బలమిచ్చింది. ఒక పెద్ద వూఫర్ బదులు రెండు మూడు చిన్న వూఫర్లను నిలువునా పేర్చిన సన్నని టవర్ ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో స్థిరపడింది. మన దేశంలో కోల్‌కతాకు చెందిన సోనోడైన్ వంటి సంస్థలు 1970ల నుంచి స్టీరియో సెట్లు తయారుచేస్తూ వచ్చాయి. విదేశీ టవర్లు దుకాణాల్లో మామూలు సరుకైంది మాత్రం 1991 తర్వాత దిగుమతి ఆంక్షలు సడలాకే.

మెచ్చుకునే మాటలు

టవర్ కొన్నవారు ముందుగా చెప్పేది బేస్ గురించి. ‘సబ్‌వూఫర్ అక్కర్లేదు’ అన్న మాట దాదాపు ప్రతి ఒక్కరి నోటా వస్తుంది. ఇందులో నిజముంది. అయిదారు అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు సాధారణంగా 50, 60 హెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తాయి. మంచి టవర్ 35, 40 దాకా దిగుతుంది. బేస్ గిటారు కింది తీగ 41 హెర్ట్జ్, పియానో చిట్టచివరి మెట్టు 27.5 హెర్ట్జ్. ఇళయరాజా 1980ల పాటల్లో పల్లవి కింద తన దారిన తాను నడిచే బేస్ గిటారును టవర్ల మీద మొదటిసారి విన్నవారు, ఆ పాటలో అలాంటిది ఒకటి ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదంటారు. అది అతిశయోక్తి కాదు. చిన్న స్పీకర్లలో ఆ తీగకు అసలు స్వరం పలచబడి, పై హార్మోనిక్స్ మాత్రమే మిగులుతాయి.

ఈ మెప్పుకు శాస్త్రీయమైన ఆధారం కూడా ఉంది. హర్మన్ అనే ఆడియో సంస్థలో పనిచేసిన షాన్ ఆలివ్ 2004లో, శ్రోతలు ఒక స్పీకరును ఎంత ఇష్టపడతారో కొలతల నుంచే అంచనా కట్టే సూత్రాన్ని ప్రకటించారు. అందులో బేస్ ఎంత లోతుకు దిగుతుందన్న ఒక్క అంశానికే సుమారు 30 శాతం బరువుంది.

రెండో మెప్పు మాటల్లో పెట్టడం కొంచెం కష్టం. కచేరీ ‘పెద్దదిగా’ వినిపిస్తుందంటారు. గాయకుడు మనిషి ఎత్తులో నిలబడి పాడుతున్నట్టు, మృదంగం ఎడమ మొహం దెబ్బకు గాలి కదిలినట్టు ఉంటుందంటారు. కోనుల వైశాల్యం ఎక్కువ కాబట్టి ఒక్కో కోను కదలాల్సిన దూరం తగ్గుతుంది, వాల్యూమ్ పెంచినా వికృతి తక్కువగా ఉంటుంది. టవర్లనూ బుక్‌షెల్ఫ్ స్పీకర్లనూ పక్కపక్కనే విన్నవారు ఈ నెమ్మదిని గుర్తుపడతారు.

ఘంటసాల కాలపు మోనో పాటలే ఎక్కువగా వినేవారి అనుభవం వేరు. వాటి బరువంతా గొంతులో, మధ్య స్వరాల్లో ఉంటుంది. అలాంటి శ్రోతకు అదే ధరలో దొరికే మంచి బుక్‌షెల్ఫ్ జత టవర్‌కు ఏమాత్రం తీసిపోదు. చాలాసార్లు మెరుగు కూడా, ఎందుకంటే పెద్ద పెట్టెకూ, అదనపు వూఫర్లకూ అయ్యే ఖర్చు మంచి ట్వీటర్ మీదా, స్వరాలను విడదీసి ట్వీటర్‌కూ వూఫర్‌కూ పంచే క్రాసోవర్ మీదా పెట్టవచ్చు. తక్కువ ధరలో టవర్ కొని నిరాశపడినవారి మాటల్లో ఇదే బయటపడుతుంది: ఎత్తు ఉంది, బేస్ ఉంది, గొంతు మాత్రం డబ్బాలోంచి వస్తోంది.

గది

ఫిర్యాదుల్లో సింహభాగం స్పీకరుది కాదు, గదిది. ఇది టవర్ల విషయంలో అందరికంటే తెలుగు ఇళ్ళవారు బాగా అర్థం చేసుకోవాల్సిన సంగతి.

ప్రతి గదికీ తన కొలతలను బట్టి కొన్ని స్వరాలు ఉంటాయి. అవి మోగినప్పుడు గది కూడా కలిసి మోగుతుంది. ధ్వని వేగాన్ని గది పొడవుకు రెండింతలతో భాగిస్తే మొదటి స్వరం తెలుస్తుంది. పన్నెండు అడుగుల పొడవుకు అది సుమారు 47 హెర్ట్జ్, పది అడుగుల వెడల్పుకు 56 హెర్ట్జ్. పైకప్పు కూడా పది అడుగులే అయితే వెడల్పుదీ ఎత్తుదీ ఒకే స్వరమై రెండింతలు మోగుతుంది. బుక్‌షెల్ఫ్ స్పీకరు ఆ లోతుకు సరిగ్గా దిగదు కాబట్టి ఈ జబ్బు బయటపడదు. టవర్ సరిగ్గా అక్కడే బలంగా పలుకుతుంది. దుకాణంలో బిగుతుగా ఉన్న బేస్ ఇంటికొచ్చేసరికి గుయ్‌మని సాగడానికి కారణం ఇదే.

అమెరికాలో చెక్క చట్రాలకు జిప్సం పలకలు కొట్టిన గోడలు కింది స్వరాలకు కొద్దిగా ఊగి, కొంత శక్తిని మింగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన ఇళ్ళలో ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టరు, పైన కాంక్రీటు స్లాబు, కింద టైల్స్ లేదా గ్రానైటు. బేస్ ఎక్కడికీ పోదు. డాలస్‌లోని ఇంట్లో ముచ్చటగా మోగిన టవర్లను ఉద్యోగం మారి హైదరాబాద్ అపార్ట్‌మెంటుకు తెచ్చుకుంటే అవే స్పీకర్లు వేరేలా పలకడంలో ఆశ్చర్యం లేదు. ఒక దేశంలోని సొంతదారు ‘బేస్ కొంచెం తక్కువ’ అన్న మోడలు ఇంకో దేశంలో సరిగ్గా సరిపోవచ్చు. ఎవరి అభిప్రాయం చదివినా ఆ మనిషి గది కొలతలు, గోడలు తెలియకపోతే ఆ అభిప్రాయం సగమే.

గుయ్‌మనే గదికి చాలామంది చేసే మొదటి చికిత్స దళసరి కర్టెన్లు, తివాచీ. అవి పీల్చుకునేది పై స్వరాలను. బేస్ అలాగే ఉండి ట్రెబుల్ మాత్రం తగ్గడంతో గది ఇంకా మందంగా మోగుతుంది, సొంతదారు స్పీకరును తప్పుబడతాడు. నిజానికి పనిచేసే మొదటి మందుకు ఖర్చు లేదు: జరపడం. వెనక గోడకు ఆనించిన టవర్‌ను అడుగున్నర ముందుకు లాగితే బేస్ ఎంతో సర్దుకుంటుంది. అనుభవజ్ఞులు బాగా తెలిసిన ఒక మగగొంతు పాటను మోనోలో పెట్టి, నేల మీద టేపు ముక్కలతో గుర్తులు వేసుకుంటూ, ఒక్కో పెట్టెను నాలుగు అంగుళాల చొప్పున జరుపుతూ వింటారు. గొంతు ఛాతీలోంచి కాకుండా పీపాలోంచి వస్తున్నట్టు ఉన్నంతసేపూ జరుపుతూనే ఉంటారు. వినేవారి కుర్చీ కూడా సరిగ్గా వెనక గోడకు ఆని ఉండకూడదు. బేస్ అక్కడే పేరుకుంటుంది. జరిపే చోటు లేనివారు వెనకనున్న పోర్టులో స్పాంజి బిరడా బిగిస్తారు. కొన్ని కంపెనీలు దాన్ని పెట్టెతోపాటే ఇస్తాయి. ఇవ్వకపోతే చుట్టచుట్టిన పాత సాక్సు ఆ పని చేస్తుంది. మైకుతో గదిని కొలిచి దిద్దే సదుపాయం ఇప్పుడు చాలా ఆంప్లిఫయర్లలో వస్తోంది. కింది స్వరాల్లో దానివల్ల మేలే జరుగుతుందని వాడినవారిలో ఎక్కువమంది ఒప్పుకుంటారు.

పది అడుగుల బెడ్‌రూములో టవర్లు పెట్టాలనుకునేవారికి చెప్పవలసిన మాట ఒకటే: వద్దు.

వాట్లు, ఆంప్లిఫయర్లు

1990ల్లో మన మార్కెట్లో స్టీరియో సెట్ల మీద వేలకు వేలు పి.ఎం.పి.ఓ. వాట్లు అచ్చువేసేవారు. ఆ అంకెకు అర్థం లేదు. ఆ అలవాటు వల్ల ఇప్పటికీ కొందరు టవర్‌ను వాట్లతో తూస్తారు. చూడవలసింది సెన్సిటివిటీ: ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తుందన్నది. 87 డెసిబెల్స్ స్పీకరుకు 100 వాట్లతో వచ్చే బిగ్గరతనం 90 డెసిబెల్స్ స్పీకరుకు 50 వాట్లతోనే వస్తుంది. దీనికి తోడు, విద్యుత్ నిరోధం 8 ఓమ్‌లు అని రాసి ఉన్న టవర్లలో రెండు మూడు వూఫర్లు కలిసి కొన్ని స్వరాల దగ్గర 3, 4 ఓమ్‌లకు దిగిపోయేవి ఉన్నాయి. చవక ఆంప్లిఫయర్ అక్కడ వేడెక్కి ఆగిపోతుంది.

చిన్న ఆంప్లిఫయర్ అయితే స్పీకరుకు ప్రమాదం లేదన్నది విస్తృతంగా ఉన్న అపోహ. శక్తి చాలని ఆంప్లిఫయర్‌ను గట్టిగా పెంచితే తరంగం పైభాగం తెగి, పై స్వరాల్లో అనవసరమైన శక్తి పుట్టి ట్వీటర్ కాయిల్ కాలిపోతుంది. పండగ రోజున, పార్టీ రోజున కాలిన ట్వీటర్లకు చాలావరకు ఇదే కారణం.

ఎంతవరకు నమ్మాలి

అమెరికాలో జాక్ బ్రెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో ఒక ప్రయోగం ప్రచురించాడు. కొందరు స్త్రీలకు ఇంట్లో వాడే వస్తువులు కొన్ని చూపించి మార్కులు వేయమన్నాడు. తర్వాత రెండింటిలో ఒకదాన్ని ఎంచుకుని ఇంటికి తీసుకెళ్ళమని, మళ్ళీ మార్కులు వేయించాడు. ఎంచుకున్నదాని మార్కులు పెరిగాయి, వదిలేసినదాని మార్కులు తగ్గాయి. వస్తువులు అవే, మధ్యలో జరిగింది ఎంపిక ఒక్కటే. నెల జీతమో, మూడు నెలల జీతమో పెట్టి టవర్లు కొన్న మనిషి మొదటి నెలలో చెప్పే మాటను ఈ వెలుగులో వినాలి.

స్పీకర్ల మీదే నేరుగా చేసిన ప్రయోగం ఇంకా స్పష్టంగా ఉంది. ఫ్లాయిడ్ టూల్ కెనడా జాతీయ పరిశోధనా మండలిలో ఏళ్ళ తరబడి తెర వెనక స్పీకర్లు పెట్టి శ్రోతల చేత తీర్పు చెప్పించారు. తర్వాత హర్మన్ సంస్థకు వచ్చి, ఆలివ్‌తో కలిసి 1994లో ఆ సంస్థ ఉద్యోగులు 40 మందితో అవే స్పీకర్లను ఒకసారి తెర వెనక, ఒకసారి కళ్ళెదుట వినిపించారు. కంటికి కనబడగానే పెద్దవీ ఖరీదైనవీ పైకి లేచాయి, చిన్నదీ చవకదీ అయిన సెట్టు మార్కులు పడిపోయాయి. ఇంకో విషయం: తెర ఉన్నప్పుడు స్పీకరు చోటు మారిస్తే తీర్పు మారింది, కనబడుతున్నప్పుడు ఆ తేడాను శ్రోతలు అంతగా పట్టించుకోలేదు. కళ్ళు చెవిని మూసేశాయి. నిలువెత్తున నిగనిగలాడే టవర్‌కు ఈ పక్షపాతం అన్నిటికంటే ఎక్కువ లాభం చేకూరుస్తుంది.

అలాగని మామూలు శ్రోత చెవి తక్కువది కాదు. ఆలివ్ 2003లో 268 మందితో చేసిన పరీక్షలో శిక్షణ పొందినవారూ పొందనివారూ స్పీకర్లను ఇంచుమించు ఒకే వరుసలో పెట్టారు. చెవి సరైనదే, చూపు, ధర, గదులు, జ్ఞాపకం అడ్డొస్తాయి. నిన్న దుకాణంలో విన్న ధ్వనిని ఇవాళ ఇంట్లో వింటున్నదానితో పోల్చేంత జ్ఞాపకశక్తి మనిషి చెవికి లేదు. రెండింటిలో ఒకటి ఒక డెసిబెల్ బిగ్గరగా మోగినా అదే మేలైనదిగా తోస్తుంది.

‘వంద గంటలు వాయిస్తే గానీ విచ్చుకోదు’ అన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే చూడాలి. కోను అంచు, కోనును వెనక నుంచి పట్టి ఉంచే స్పైడర్ మొదట్లో కొంత మెత్తబడటం కొలతకు అందే సంగతే. ఆ మార్పు చిన్నది, తొందరగా ముగిసేది. వారాల తరబడి మెరుగవుతున్నట్టు తోచేది ఎక్కువగా చెవి అలవాటుపడటమే.

అందుకే కాలం గడిచాక చెప్పే మాట విలువైనది. ట్రెబుల్ ఎక్కువున్న స్పీకరు దుకాణంలో పది నిమిషాలు తళతళలాడుతుంది. ఇంట్లో అదే స్పీకరుకు సొంతదారు తనకు తెలియకుండానే వాల్యూమ్ తగ్గిస్తూ వస్తాడు, ఒక ఆల్బమ్ పూర్తికాకుండానే లేచిపోతాడు. ‘ఇప్పుడు తక్కువగా వింటున్నాను’ అన్న మాట ఏ కొలతా చెప్పలేని నిజం. ‘ఒకటి విందామని కూర్చుంటే రాత్రి పొద్దుపోయింది’ అన్నదీ అలాంటిదే.

ఏళ్ళు గడిచాక

వూఫర్ కోను చుట్టూ ఉండే అంచు ఫోమ్‌తో చేసినదైతే పదిహేను ఇరవై ఏళ్ళలో పొడిపొడిగా రాలిపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తేమ ఊళ్ళలో ఇంకా ముందే. రబ్బరు అంచు దీనికంటే చాలాకాలం నిలుస్తుంది. అంచు ఫోమా, రబ్బరా అన్నదే పాతవి కొనేవారు మొదట అడగవలసిన ప్రశ్న. ఫోమ్ పోతే స్పీకరు పారేయనక్కర్లేదు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల విడిభాగాలు దొరుకుతాయి. పాత జిగురంతా ఓపిగ్గా గీకి, కొత్త అంచు అతికించి, కోనును సరిగ్గా మధ్యకు తేవడంలోనే పనితనమంతా ఉంది. ఆరాక రెండు బొటనవేళ్ళతో కోనును అటూ ఇటూ సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదిలితే ఏమాత్రం గరగర వినిపించకూడదు. వినిపిస్తే కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటున్నట్టే, మళ్ళీ మొదటికి రావాలి.

పెట్టెలు ఎక్కువగా ఎం.డి.ఎఫ్. చెక్కతో చేస్తారు. తడిగుడ్డతో ఇల్లు తుడిచే మన అలవాటు దానికి శత్రువు. అడుగు అంచు నీరు పీల్చి ఉబ్బి, పైన అతికించిన పలచని వెనీరు పొర లేచిపోతుంది. అడుగున మేకులు బిగించి పెట్టెను పైకెత్తితే ఇది చాలావరకు తప్పుతుంది. ఆ మేకులు బేస్‌ను ఏ మేరకు మారుస్తాయన్నదాని మీద వాదాలున్నా, నీటి నుంచి కాపాడతాయన్నదాని మీద లేవు. టైల్స్ మీద గీతలు పడకుండా కింద బిళ్ళలు మాత్రం వేయాలి. పసిపిల్లలున్న ఇంట్లో పెట్టె ముందున్న గుడ్డ చట్రం ఎప్పుడూ తీయకూడదు. మెత్తటి ట్వీటర్ గుమ్మటాన్ని వేలితో నొక్కి చూడని పిల్లలు అరుదు. ఇరవై, ముప్పై ఏళ్ళ జతల్లో క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల విలువలు జారిపోయి ఉండవచ్చు. రెండు పెట్టెల్లో ఒకటి మందంగా పలుకుతుంటే ముందు అవే మార్చి చూస్తారు.

విదేశాల నుంచి టవర్లు తెచ్చుకునేవారి విషయంలో ఇంకొకటి ఉంది. మామూలు టవర్లకు కరెంటు ప్లగ్గు ఉండదు కాబట్టి ఏ దేశానివైనా ఇక్కడ పనిచేస్తాయి. కొన్ని మోడళ్ళలో మాత్రం పెట్టె అడుగున సొంత ఆంప్లిఫయర్‌తో సబ్‌వూఫర్ అమర్చి ఉంటుంది. అమెరికాలో కొన్న అలాంటి జత 120 వోల్టులకే చేసినదైతే మన 230 వోల్టులకు నేరుగా తగిలించిన క్షణంలో కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి, వెనక పలక మీద ఏ వోల్టేజి రాసి ఉందో ప్యాక్ చేయించే ముందే చూసుకోవాలి.